బలానికి ఏదైనా ఇయ్యమ్మా

"రెండ్రోజుల నుంచి ఒకటే నీరసం. బలానికి ఏదైనా ఇయ్యమ్మా." మా మెడికల్ షాపులో నేను ఎక్కువగా వినే మాట ఇదే. మాది కనిగిరి. వెలిగండ్ల, హనుమంతునిపాడు, పామూరు వైపు నుంచి బస్సు దిగి, బ్యాంకు పనో ఎరువుల పనో చూసుకుని, తిరుగు బస్సు ఎక్కేముందు మా షాపుకు వచ్చేవాళ్ళు ఎక్కువ. చీటీ ఉండేది కొందరి దగ్గరే. మిగతావాళ్ళకు డాక్టరూ నేనే, బాకీ రాసుకునేదీ నేనే.

బలానికి అడిగేవాళ్ళకు ఏం కావాలో అలవాటైపోయింది. ఎర్రగా, చిక్కగా, తియ్యగా ఉండే టానిక్ కావాలి. లేదంటే మెరిసే రేకులో గుళికలు. చేతిలో ఇంకాస్త డబ్బుంటే సెలైన్. ఇన్నేళ్ళుగా కౌంటర్ వెనక కూర్చుని చూస్తున్నాను కాబట్టి చెప్తున్నా: కళ్ళకు కనబడే వైద్యానికి మనవాళ్ళు అప్పు చేసైనా పెడతారు. చడీచప్పుడు లేకుండా పనిచేసే మందుని మాత్రం నమ్మరు.

సెలైన్ సంగతే చూడండి. మిరపకోతలు అయ్యాక, తిరునాళ్ళ ముందు, పెళ్ళిళ్ళ సీజన్ ముగిశాక ఊళ్ళలో ఆర్‌ఎంపీ దగ్గర మంచం ఖాళీ ఉండదు. గోడకు మేకు, మేకుకు సీసా, దాని కింద మనిషి. "రెండు సీసాలు ఎక్కించుకున్నా, ఇప్పుడు ఒళ్ళు తేలిగ్గా ఉంది" అని వచ్చి చెప్పి మరీ వెళ్తారు. అందులో ఏముంటుందో ఒక పెద్దాయనకు సీసా మీదే చదివి వినిపించాను. మామూలు సెలైన్ అర లీటరు సీసాలో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది, మిగతాదంతా నీళ్ళు. గ్లూకోజు సీసా అయితే 25 గ్రాముల చక్కెర. శక్తి లెక్కలో ఒక అరటిపండుతో సమానం. ఆయన సీసాను అటూ ఇటూ తిప్పి చూసి, "మరి ఆ పసుపురంగు సీసా సంగతేంది?" అన్నాడు. ఆ రంగు అందులో కలిపే బి-కాంప్లెక్స్ సూదిది. రైబోఫ్లేవిన్ అనే విటమిన్‌కు సహజంగా ఉండే రంగే అది. ఒంటికి కావలసింది పోను మిగిలినది మూత్రంలో అదే రంగులో బయటికి పోతుంది అని చెప్పాను. "అంటే నా డబ్బులు పసుపుపచ్చగా పోతున్నాయన్నమాట" అన్నాడాయన. నేను అనలేదు, ఆయనే అన్నాడు.

మరి తేలిగ్గా ఎందుకు ఉంటుందంటే, ఎండలో నీళ్ళు సరిగా తాగకుండా పనిచేసిన ఒంటికి నీళ్ళు అందాయి. పైగా గంటన్నర సేపు ఫ్యాను కింద కదలకుండా పడుకున్నారు. ఇంట్లో ఉంటే ఎవరు పడుకోనిస్తారు? ముఖ్యంగా ఆడవాళ్ళకు ఆ మంచమే సగం వైద్యం. వాంతులు ఆగకుండా నోటితో ఏదీ తాగలేని స్థితిలో సెలైన్ ప్రాణం నిలబెడుతుంది, కాదనను. తాగగలిగిన మనిషికి మాత్రం ఉప్పేసిన మజ్జిగ, గంజి, ఓఆర్‌ఎస్ సరిపోతాయి. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకు ఆ ఉప్పునీళ్ళే ఆయాసం తెస్తాయి. షుగరున్నవాళ్ళకు గ్లూకోజు సీసా ఏం చేస్తుందో వేరే చెప్పాలా?

ఓఆర్‌ఎస్ అన్నాను కదా, అది కూడా సగంమంది తప్పుగానే కలుపుతారు. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకు. గ్లాసుడు నీళ్ళలో మొత్తం ప్యాకెట్ గుమ్మరించి పిల్లాడికి పట్టిస్తే ఒంట్లో ఉప్పు మోతాదు మించిపోతుంది, విరేచనాలూ ఎక్కువవుతాయి. అందుకే ప్యాకెట్ ఇచ్చేటప్పుడు లీటరు నీళ్ళ బాటిల్ చూపించి మరీ చెప్తాను. ఇంకొకటి, పేరులో ఓఆర్‌ఎస్ అని పెట్టుకుని డబ్బాల్లో అమ్మిన తియ్యటి పానీయాలన్నీ ఓఆర్‌ఎస్ కావు. అసలు ఫార్ములా కానివాటికి ఆ పేరు వాడొద్దని దేశంలో ఆహార పదార్థాల నాణ్యత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబర్‌లో ఉత్తర్వులు ఇచ్చింది. మందుల కొట్టు పెట్టుకున్నవాళ్ళలో చాలామందికి ఆ రోజు ప్రాణం హాయిగా అనిపించి ఉంటుంది, నాకైతే అనిపించింది.

ఇక మోకాళ్ళ దగ్గరికి వద్దాం. మా ప్రాంతంలో వయసు మళ్ళకముందే మోకాళ్ళు, నడుము, మెడ పట్టేస్తాయి. గారపట్టిన పళ్ళు చూసి ఏ ఊరి పిల్లో చెప్పేయొచ్చు. కారణం బోరునీళ్ళలోని ఫ్లోరైడ్. ఇది ఇవాళ్టి కథ కాదు. మన దేశంలో నీళ్ళ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ గురించి తొలిసారి 1937లో వైద్యపత్రికలో రాసింది అప్పటి నెల్లూరు జిల్లా మనుషుల్ని చూసే. కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ అప్పట్లో నెల్లూరు జిల్లాలోవే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, తర్వాత ప్రకాశం అయింది. జిల్లా పేరు మారింది గానీ బోర్లలో నీళ్ళు అవే.

తాగేనీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర వరకు ఫర్వాలేదు అని మన ప్రమాణాలు చెప్తాయి. రాతిపొరల్లోంచి కరిగి వస్తుంది కాబట్టి కంటికి కనబడదు, రుచికి తెలియదు. ఇక్కడ జనం చేసే పని ఏంటంటే, నీళ్ళు కాచి తాగడం. "నేను కాచి వడబోసే తాగుతానమ్మా, మరి నాకెందుకొచ్చింది?" అని అడుగుతారు. కాస్తే క్రిములు చస్తాయి, నిజమే. ఫ్లోరైడ్ క్రిమి కాదు కదా చావడానికి. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్ళలో అది ఇంకా చిక్కబడుతుంది. గుడ్డలో వడబోసినా, మామూలు క్యాండిల్ ఫిల్టర్ పెట్టినా పోదు. ఆర్‌వోతో పోతుంది. వాననీళ్ళలో అసలు సమస్యే లేదు. సాగర్ నీళ్ళు వచ్చే ఊళ్ళు కొంత నయం. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళ కోసం ఎదురుచూసే ఊళ్ళు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాయి.

ఇంకో తమాషా. ఇరవై లీటర్ల క్యాన్ తెచ్చుకుని జాగ్రత్తగా తాగుతారు, వంట మాత్రం బోరునీళ్ళతోనే. అన్నం పీల్చుకునేది ఆ నీళ్ళనే, పప్పులో ఉడికేది ఆ నీళ్ళే, టీ మరిగేది ఆ నీళ్ళే. బోరునీళ్ళలో కందిపప్పు ఉడకదని పప్పుకు మాత్రం క్యాన్ నీళ్ళు పోసే ఇల్లాళ్ళు ఉన్నారు, అన్నానికి కూడా అవే పోయమంటే "ఖర్చెంత అవుతుందో తెలుసా?" అంటారు. ఆ మాటకు నా దగ్గరా జవాబు లేదు. కనీసం ఎనిమిదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో అయినా వంటకు మంచినీళ్ళు వాడమంటాను. పళ్ళు తయారయ్యే వయసు అది, అప్పుడు పట్టిన గార తర్వాత ఎంత తోమినా వదలదు.

ఈమధ్య ఎదురు పుకారు ఒకటి బయల్దేరింది. ఆర్‌వో నీళ్ళు తాగితే కీళ్ళనొప్పులు వస్తాయట. ఆర్‌వోలో కాల్షియం, మెగ్నీషియం కూడా కొంత పోతాయి, అబద్ధం కాదు. మనకు కాల్షియం ప్రధానంగా వచ్చేది పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరల నుంచి. నీళ్ళు మంచిగా ఉన్న ఊళ్ళో ఆర్‌వో దండగ అంటే ఒప్పుకుంటాను. కనిగిరిలో కూర్చుని ఆర్‌వో మానేస్తానంటే మాత్రం ఒప్పుకోను.

నొప్పులు వచ్చాక జరిగేది అసలు ప్రమాదం. పొద్దున ఒక నొప్పి బిళ్ళ, రాత్రి ఒకటి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి నెలల తరబడి మింగితే కడుపులో పుండు పడుతుంది, బీపీ పెరుగుతుంది, కిడ్నీల మీద భారం పడుతుంది. పైన బీపీకి టెల్మిసార్టాన్, మూత్రం బిళ్ళ కూడా వాడుతుంటే ఆ మూడూ కలిసి కిడ్నీని పిండేస్తాయి. అంతకన్నా భయపెట్టేవి చీటీ లేకుండా పొట్లం కట్టి ఇచ్చే చిన్న తెల్ల బిళ్ళలు. చాలావరకు డెక్సామెథసోన్, బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు. మింగిన మర్నాటికే మనిషి లేచి నడుస్తాడు, ఆకలి వేస్తుంది, నెలకల్లా ముఖం నిండుగా గుండ్రంగా అవుతుంది. "ఆ బిళ్ళలు నాకు పడ్డాయమ్మా, చూడు ఎంత ఒళ్ళు చేశానో" అని ఒకామె బుగ్గలు పట్టుకుని చూపించింది. అది స్టెరాయిడ్ వాపు. లోపల ఎముకలు డొల్లబారుతున్నాయి, షుగరు పెరుగుతోంది. భయపడి ఒక్కసారిగా మానేసినా ముప్పే, డాక్టరు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఆమెకు నేను ఏం చెప్పినా ఆ బుగ్గల ముందు నిలబడలేదు. కొడుకును పిలిపించి చెప్పాకే ఒంగోలు తీసుకెళ్ళాడు.

గ్యాస్ గురించి ఎక్కువ రాయను, ఒక్క మాట. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు నొప్పి, చెమటలు, ఎడమచేతికో దవడకో లాగడం ఉంటే దయచేసి మా కౌంటర్ దగ్గరికి రావద్దు. గ్యాస్ బిళ్ళ అడిగి, నీళ్ళు తాగి, సోడా తాగి, "కాసేపు చూద్దాం" అని అరుగు మీద కూర్చున్న మనిషిని నేను చూశాను. 108కి ఫోన్ చేయండి. గుండెలో గడ్డ కరిగించే టెనెక్టెప్లేజ్ ఇంజెక్షన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే పథకం మన రాష్ట్రంలో 2023లో మొదలైంది. ఎంత తొందరగా పడితే గుండె కండరం అంత మిగులుతుంది. అలాగే మూతి వంకరపోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావొచ్చు, అక్కడ గడ్డ కరిగించే మందుకు మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. పసరు కోసం పక్క జిల్లాకు కారు మాట్లాడుకునే సమయం కాదది.

షుగరు వాళ్ళు వేరే రకం. టెస్టుకు ముందు రెండ్రోజులు అన్నం మానేసి, జొన్నరొట్టె తిని, కాకరకాయ రసం తాగి, పరగడుపున రక్తం ఇచ్చి, రిపోర్టు బాగా వచ్చిందని సాయంత్రం మైసూర్‌పాక్ తింటారు. ఎవరిని మోసం చేస్తున్నట్టు? హెచ్‌బీఏ1సీ అని ఇంకో టెస్టు ఉంది, దానికి ఈ వేషాలు కుదరవు. రక్తంలోని చక్కెర ఎర్ర రక్తకణానికి అంటుకుంటుంది, ఆ కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది కాబట్టి వెనక రెండు మూడు నెలల బాగోతమంతా అందులో బయటపడుతుంది. బెల్లం మంచిదనీ, తేనె మంచిదనీ అంటారు గానీ షుగరు లెక్కలో అన్నీ చక్కెర చుట్టాలే. "ఇంగ్లీషు మందు కిడ్నీలను తినేస్తది, ఆకు మందు అయితే చల్లగా ఉంటది" అనేవాళ్ళకు మెట్‌ఫార్మిన్ కథ చెప్తుంటాను. యూరప్‌లో గలీగా అనే మొక్కలో దొరికిన పదార్థం ఆధారంగా తయారైన మందు అది, 1957 నుంచి షుగరుకు వాడుకలో ఉంది. కిడ్నీలను పాడుచేసేది ఏళ్ళ తరబడి అదుపులో లేని షుగరు. డయాలసిస్ దాకా వచ్చాక నింద మాత్రం బిళ్ళ మీద పడుతుంది.

ఈ వాదనలన్నీ చివరికి ఒకచోటికే వస్తాయి. "మా తాత ఒక్క బిళ్ళ మింగలేదు. సద్దన్నం, సంగటి తిని నూరేళ్ళు బతికాడు." ఎవరి తాతను చూసినా నూరేళ్ళే. మా ఇంట్లో కూడా ఉన్నాడొక తాత. మా అత్తగారు ఆయన గురించి చెప్పేటప్పుడు ఆయన పెళ్ళాం కన్న పిల్లల్లో సగంమంది ఊయల దాటలేదన్న సంగతి పక్కకు పెట్టేస్తారు. మశూచితో పోయినవాళ్ళు, కలరాతో పోయినవాళ్ళు, పురిట్లో పోయినవాళ్ళు లెక్కలోకి రారు, గట్టిపడి మిగిలిన ఆ ఒక్క తాతే వస్తాడు. స్వాతంత్ర్యం వచ్చే నాటికి మన దేశంలో పుట్టిన బిడ్డకు సగటు ఆయుర్దాయం ముప్పై రెండేళ్ళ చిల్లర. ఇప్పుడు డెబ్బై దగ్గర. సంగటి మంచిదే, నేనూ తింటాను. ఆ నలభై ఏళ్ళు తెచ్చింది మాత్రం టీకాలు, మంచినీళ్ళు, ఆసుపత్రి కాన్పులు, యాంటీబయాటిక్స్.

పైగా ఆ నూరేళ్ళు ఎవరు లెక్కపెట్టారు? మా దగ్గరికి వచ్చే ముసలివాళ్ళ ఆధార్ కార్డుల్లో చాలామంది జనవరి 1నే పుట్టి ఉంటారు. వయసు అడిగితే "డెబ్బైయేడు తుపాను నాటికి మా పెద్దోడు భుజాన ఉన్నాడు" అని చెప్తారు. నన్నడిగితే ఆధార్ కన్నా ఆ తుపాను లెక్కే నమ్మకం. ఇది మన ఒక్కళ్ళ సంగతే కాదు. నూరు దాటినవాళ్ళు ఎక్కువని పేరుపడ్డ చాలా ప్రాంతాల్లో పుట్టిన తేదీల రికార్డులే సరిగా లేవని చూపించిన సాల్ న్యూమన్ అనే పరిశోధకుడికి 2024లో ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. అక్కడి పచ్చడి, అక్కడి నూనె అంటూ వాట్సాప్‌లో వచ్చే దీర్ఘాయువు రహస్యాలు చదివేటప్పుడు ఇది కాస్త గుర్తుంచుకుంటే మంచిది.

నన్నడిగితే మా మండలాల్లో మనిషి ఆయుష్షును ఎక్కువగా తినేస్తున్నవాటిలో బీపీ ముందుంటుంది. చుట్టా బీడీల గురించి చెప్పనక్కర్లేదు, పొగాకు పండించే జిల్లాలో చెబితే ఎవరూ వినరు కూడా. బీపీతో చిక్కేంటంటే అది నొప్పి పెట్టదు. "తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, నాకు బీపీ ఏంది?" అంటారు. చాలామందికి ఏ గుర్తూ ఉండదు, ఒకరోజు చెయ్యీ కాలూ పడిపోయే దాకా. మాత్ర మొదలుపెట్టినవాళ్ళు కూడా నెల తర్వాత చూపించుకుని, నార్మల్ వచ్చిందని మానేస్తారు. మాత్ర వేసుకోబట్టే కదా నార్మల్ వచ్చింది! "ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలట" అని భయపడేవాళ్ళకు అన్నం కూడా జీవితాంతమే తింటున్నారు కదా అంటాను. కొందరు నవ్వుతారు, కొందరు కొనకుండానే పోతారు.

ఒక్కో మాత్ర చాలావరకు టీ ఖరీదు కూడా చేయదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు బిళ్ళలు ఉచితంగానే ఇస్తారు. ఈ మాట చెప్పినప్పుడల్లా మావారు గల్లాపెట్టె దగ్గర్నుంచి నా వైపు ఒక చూపు చూస్తారు. చూడనీ. బిళ్ళ ఎవరు ఇచ్చినా పైన ఉప్పు తగ్గకపోతే సగమే పని. రోజుకు మనిషికి ఐదు గ్రాములు, అంటే చెంచాడు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆవకాయ, ఎండుచేపలు, అప్పడాలు, పైన మజ్జిగలో మళ్ళీ ఉప్పు వేసుకునే ఇంట్లో మధ్యాహ్నానికే ఆ చెంచాడు అయిపోతుంది. సైంధవ లవణం వాడుతున్నాం కాబట్టి ఫర్వాలేదు అనేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. గులాబీ రంగులో ఉన్నా అది ఉప్పే, దాదాపు అంతా సోడియం క్లోరైడే. పైగా చాలావాటిలో అయోడిన్ కలపరు. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు వేరే దొరుకుతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్ళు, టెల్మిసార్టాన్ రకం బిళ్ళలు వాడేవాళ్ళు డాక్టరును అడగకుండా దాని జోలికి పోకూడదు.

మా షాపులో బీపీ మిషన్ ఉంది. ముప్పై దాటినవాళ్ళు ఎవరైనా వచ్చి చూపించుకోవచ్చు, డబ్బులేం తీసుకోను. బస్సు దిగి పరిగెత్తుకుంటూ వచ్చి, ఆయాసపడుతూ చెయ్యి చాపితే మాత్రం చూడను. ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి కూర్చోవాలి, కాళ్ళు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టాలి, చూసేటప్పుడు మాట్లాడకూడదు. టీ తాగి ఉంటే, బీడీ కాల్చి ఉంటే అరగంట ఆగాలి. రెండుసార్లు చూస్తాను. 140కి 90 దాటితే ఇంకో రోజు మళ్ళీ రమ్మంటాను, అప్పుడూ దాటితే డాక్టరు దగ్గరికి పంపిస్తాను. ఆదివారం మధ్యాహ్నం షాపు ఉండదు.